ఆలివ్ నూనె పెళ్ళిచూపులు

“ఆగవే! ఐస్‌క్రీమ్ మీద నూనె పోస్తావేంటి?”

వీరరాఘవమ్మ గబుక్కున కోడలి చెయ్యి పట్టుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. తెల్లటి ఐస్‌క్రీమ్ మీంచి ఆకుపచ్చ నూనె జారి గిన్నె అడుగుకు చేరింది. అది చాలదన్నట్టు నీరజ దాని మీద చిటికెడు ఉప్పు కూడా చల్లింది.

“ఆలివ్ నూనె అత్తయ్యా. ఇటలీ వంటల్లో ఇలా వేసుకుంటారు.”

“పసిపిల్లల ఒంటికి రుద్దేది కదే అది! తిండిలో వెయ్యడమేంటి?”

పక్కన పళ్ళెంలో కమలాపండు చక్రాలున్నాయి. వాటి మీదా అదే నూనె, పైన మిరియాల పొడి. ఆ పక్కన కేకు.

“దాంట్లో?” అంది వీరరాఘవమ్మ నీరసంగా.

“వెన్నకి బదులు అదేనండి.”

వీరరాఘవమ్మ గోడకి ఆనుకుంది. బాపట్ల నుంచి పెళ్ళివారి కారు తెనాలిలోకి వచ్చేసిందని ఫోనొచ్చి పావుగంటైంది. ఫొటో చూడగానే కూతురు భాగ్యశ్రీ సరేనన్న సంబంధం ఇదొక్కటే. అబ్బాయికి ఏదో హోటలుందట. ఇడ్లీలు అమ్ముకునేవాళ్ళకి నూనె ఐస్‌క్రీమ్ పెడితే ఇంకేమైనా ఉందా!

“నిన్న తెప్పించిన కాజాలేవి?”

“మామయ్యగారు రుచి చూశారండి.”

“ఎన్ని?”

“అన్నీ. అత్తయ్యా, ఒక్క మాట వినండి. అసలివన్నీ...”

“నీ మాటలు వినే కొంప ఇంతదాకా తెచ్చుకున్నాను!”

వీధిలో హారన్ మోగింది. పట్టుచీరలో వచ్చిన భాగ్యశ్రీ, తల్లి అడ్డుపడేలోగా ట్రే ఎత్తుకుని హాల్లోకి నడిచింది.

బజారు నుంచి కిలోల లెక్కన తెచ్చిన స్వీట్లైనా సరే, పెళ్ళివారి ముందు “అంతా మా అమ్మాయే చేసిందండీ” అనడం వీరరాఘవమ్మకు కంఠస్థం. రేపల్లె వాళ్ళకీ అదే చెప్పింది, పొన్నూరు వాళ్ళకీ అదే చెప్పింది. ఇవాళ మాత్రం నోరు పెగల్లేదు.

పెళ్ళికొడుకు రాజీవ్ ఐస్‌క్రీమ్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు. అతని తల్లి సుశీల కమలా ముక్క కొరికి కొడుకు వంక చూసింది. వీరరాఘవమ్మ గబగబా మంచినీళ్ళ గ్లాసులు వాళ్ళ ముందుకు జరిపింది.

“ఇవి ఎవరు చేశారండీ?” అంది సుశీల.

“మా కోడలండీ వదినగారూ!” వీరరాఘవమ్మ ఆ నిందని ఒక్క గెంతులో కూతురి నెత్తిమీంచి దాటించేసింది. “మా అమ్మాయికి వీటితో ఏ సంబంధమూ లేదు. ఒట్టు! అది స్టవ్ దగ్గరకే వెళ్ళదు.”

“అమ్మా!” అంది భాగ్యశ్రీ.

“నువ్వుండవే!”

సుశీల గిన్నె కింద పెట్టి నిట్టూర్చింది. “మావాడు సూర్యలంక రోడ్డులో ఇటాలియన్ హోటల్ పెట్టాడండీ. ఇలా చెయ్యగలిగిన పిల్ల కోసం రెండేళ్ళుగా వెతుకుతున్నాం. ఈ ఐస్‌క్రీమ్ చూసి దొరికిందనే అనుకున్నాం.”



“నిజంగా నేనే చేశానండీ!” అంది భాగ్యశ్రీ. “మీ హోటల్ సంగతి తెలిసి నెల్లాళ్ళ నుంచి వదిన దగ్గర నేర్చుకుంటున్నాను.”

“అవునండీ, అంతా తనే చేసింది. చివర్లో నూనె పొయ్యడమే నా వంతు” అంది నీరజ గుమ్మంలోంచి. ‘ఇందాక చెప్పబోయింది ఇదే’ అన్నట్టు అత్తగారి వైపు చూసింది.

వీరరాఘవమ్మ వెంటనే అందుకుంది. “అంతా మా అమ్మాయే చేసిందండీ!” ఆ మాట నిజంగా నిజమైన మొదటి రోజు అదే.

సుశీల జాలిగా నవ్వింది. “ఫర్వాలేదండీ. ఏ ఇంట్లో పెళ్ళిచూపులకెళ్ళినా ఆ మాట వింటూనే ఉంటాం. ముందుగా ఒట్టేసి మరీ నిజం చెప్పింది మీరొక్కరే.”

ఆవిడ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, గుమ్మం దాకా వెళ్ళి నీరజ దగ్గర ఆగింది.

“అమ్మాయ్, నీకు పెళ్ళి కాని చెల్లెళ్ళెవరైనా ఉన్నారా?”