అంకెలో లేని నొప్పి

డ్రైవరు సన్యాసిరావు కుడికాలి బొటనవేలు వంకాయలా వాచింది. కుంటుకుంటూ డిపో మేనేజరు దగ్గరికి వెళ్లాడు.

"సెలవు కావాల సార్. బ్రేకు తొక్కలేను."

అందరికీ ఉన్నట్టే అతని మణికట్టుకూ రక్తం చదివే పట్టీ ఉంది. మేనేజరు వరదాచారి దాన్నే చూశాడు.

"కీళ్లు వాచాలంటే యూరిక్ యాసిడ్ ఏడు దాటాలి. నీది ఐదున్నర. నార్మల్. నీకు నొప్పి లేదు."

"ఓపాలి కాలు సూడండి సార్."

"కాళ్లు చూడటం మానేసి ఇరవై ఏళ్లయింది. నిన్న క్లీనర్ పోలయ్యకి తొమ్మిది వచ్చింది, సెలవిచ్చాం."

"ఆడు డిపో ఎనకాల కబడ్డీ ఆడతన్నాడు సార్."

"ఆడనీ. వాడు రోగి."

మేనేజరు విసిరిన బస్సు తాళం బల్ల కింద పడింది. తీద్దామని సన్యాసిరావు వంగాడు. అక్కడ వరదాచారి చెప్పు విప్పేసి ఉంది. ఎర్రగా ఉబ్బిన బొటనవేలికి తడిగుడ్డ చుట్టి ఉంది.

"మీదెంత సార్?"

"ఐదు," అన్నాడు వరదాచారి, పళ్లు బిగబట్టి. "నార్మల్."