ముఖ్య అతిథి కుర్చీ

"మేడమ్, కాస్త లేవండి. ఈ కుర్చీ ముఖ్య అతిథిది," అంది మా మిసిసిపీ ఊరి లైబ్రరీ అమ్మాయి. ఆ రోజు అక్కడ నల్లవాళ్ల స్వేచ్ఛా పోరాటం మీద సభ.

మా అమ్మమ్మ యూలా చర్చి టోపీ సర్దుకుంది గానీ కదల్లేదు.

"నీ పేరు చెప్పెయ్, అమ్మమ్మా!"

"నోర్ముయ్యవే. లేవమంటే లేవకూడదు, ఎదురు మాట్లాడకూడదు. పోరాటం రోజుల్లో చర్చిలో కూర్చోబెట్టి మాకు నేర్పిందదే." నేను చెప్పబోతే తొడ మీద గిల్లింది.

లైబ్రరీ గార్డులు ఇద్దరొచ్చి ఆమెను కుర్చీతో సహా ఎత్తి వరండాలో దింపారు.

లోపల మైకు మోగింది: "నల్లవాళ్లను రానివ్వని రోజుల్లో ఇదే గదిలో కుర్చీ వదలక జైలుకెళ్లిన యూలా గారు ఇవాళ రాలేకపోయారు. ఆమె గౌరవార్థం లేచి నిలబడదాం."

కుర్చీలన్నీ కిర్రుమన్నాయి.

"ఇప్పుడు చూడు, లేవమనగానే ఎలా లేస్తున్నారో," అంది అమ్మమ్మ, తన కుర్చీలోంచి కదలకుండా.