కలిసి ఎక్కకూడని కొండ

"నేనెక్కను" అంది డొమితీలా, రోప్‌వే గుమ్మం పక్కనున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని.

వెనక క్యూ ఆగిపోయింది. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న కూతురు యానెత్ ఆయాసపడుతూ తల్లి వేళ్ళు విడదీయబోయింది.

"అమ్మా, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా బొగోటాలో ఉంటూ మోన్సెరాతే కొండంటే భయమేమిటే? ఎల్లుండి నాన్నకి గుండె ఆపరేషన్. మీ ఇద్దర్నీ కలిపి పైనున్న ప్రభువు పాదాల దగ్గరికి పంపిస్తానని మొక్కుకున్నాను. ఇప్పుడు నన్ను మొక్కు తప్పమంటావా?"

"పోనీలేవే, ఇష్టం లేనిదాన్ని లాగుతావెందుకు?" అన్నాడు తండ్రి ఎలియేసర్, కండువాతో నుదురు తుడుచుకుంటూ. "పైనుంచి తోసేస్తాననుకుంటోంది మీ అమ్మ. ముసలిదానికి నా మీద ఎప్పుడూ అనుమానమే."

క్యూలో ఎవరో నవ్వారు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఉద్యోగి గొంతెత్తి అరిచాడు.

"పెళ్ళికాని జంటలు విడివిడిగా ఎక్కండమ్మా! కలిసి వెళ్ళి, తర్వాత విడిపోయి, నన్ను తిట్టకండి!"

మళ్ళీ నవ్వులు. పెళ్ళికాకుండా కలిసి ఈ కొండెక్కిన జంట విడిపోతుందన్నది ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలిసిన మాటే. డొమితీలాకి మాత్రం ఒళ్ళు చల్లబడింది.

"మీకేం భయం అవ్వా? మనవల్ని ఎత్తే వయసు!" అన్నాడు అతను.

ఆమె పెదవులు తడుపుకుంది. పుట్టినూరు చికింకిరాలో, చర్చిలో చేసుకున్న మొగుడొకడు ఆమెకి ఉన్నాడు. ఇవాళ్టికీ బతికే ఉన్నాడు. అతని దెబ్బలకి తాళలేక పారిపోయి వచ్చి, బొగోటా ఫాదర్ ముందు విధవనని చెప్పి ఎలియేసర్ పక్కన నిలబడింది. ఆ అబద్ధంతో అయింది పెళ్ళెలా అవుతుంది?

కలిసి ఎక్కితే ఎడబాటు. ఎక్కకపోతే మొక్కు తప్పి, ఎల్లుండి ఆ కత్తి కింద ఎడబాటు. నిజం చెబితే ఇక్కడే, ఈ గుమ్మంలోనే ఎడబాటు. ఎటు తిరిగినా అతను చెయ్యి జారిపోతున్నట్టే ఉంది.

"ఇతన్ని ఇందులో పంపించు. నేను మెట్లదారిన నడిచి వస్తాను" అంది.

"ఆ, అదీ బాగుంది!" అన్నాడు ఎలియేసర్ వెంటనే.

"ఏం బాగుంది? ఆ మోకాళ్ళతోనా? సాయంత్రానికైనా చేరుతుందా?" యానెత్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాన్నా, నీకు బతకాలని లేదా?"

ఎలియేసర్ ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. డొమితీలా ఆ ముఖం చూసి లోపల్లోపలే కుప్పకూలింది. చావంటే భయపడుతున్నాడు పిచ్చివాడు. ఆ భయానికి మందు పైనే ఉంది. తను అడ్డం పడుతోంది.

"అవ్వా, ఎక్కుతారా, తప్పుకుంటారా?" అన్నాడు ఉద్యోగి.

వెనక నుంచి ఒకావిడ, "కాఫీ తాగి రమ్మంటారా మమ్మల్ని?" అని విసుక్కుంది.

డొమితీలా కడ్డీ వదిలేసింది. ప్రభూ, తప్పు నాది. తీసుకుంటే నన్నే తీసుకో, అనుకుంది. భర్త చెయ్యి పట్టుకుని లోపలికి అడుగేసింది. కాళ్ళ కింద నేల ఊగింది. అద్దంలోంచి కొండ నెత్తిన తెల్లటి చర్చి, దాన్ని మింగుతున్న మబ్బు కనిపించాయి. ఆమె కళ్ళు మూసుకుంది. అతని చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

గంట మోగింది. తలుపు కదిలింది.

చెయ్యి ఖాళీ అయింది.

కళ్ళు తెరిచేసరికి ఎలియేసర్ బయట ఉన్నాడు. "నాన్నా!" అని యానెత్ కేక పెట్టింది. మూసుకుంటున్న తలుపు సందులోకి ముఖం దూర్చి, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ అన్నాడు అతను:

"నువ్వు పద డొమీ, నేను వెనక దాంట్లో వస్తాను. నిన్ను పోగొట్టుకోలేనే... పాస్తో ఊళ్ళో నా మొదటి పెళ్ళాం ఇంకా బతికే ఉంది!"