వారానికో కాజా

శనివారం అప్పు కంతు కట్టి వచ్చి, విడవలూరు సెంటర్లో స్వీట్ల కొట్టు పక్కన నిలబడి మలై కాజా తింటూ కామాక్షమ్మ ఎస్తేరమ్మ కంటపడింది.

ఇంకెవరైనా చూసి ఉంటే అంతటితో పోయేది. ఎస్తేరమ్మ పదిమంది ఆడవాళ్ళ అప్పుల సంఘానికి లీడరు. ఆ సంఘంలో అందరికీ అందరూ హామీ. ఒకరు కంతు తప్పితే తక్కిన తొమ్మిది మందీ వేసుకుని కట్టాలి.

అప్పు తీరేదాకా పండక్కయినా పాయసం వండనని ఎస్తేరమ్మ ఒట్టు పెట్టుకుంది. తను తినకపోతే సరే, ఎవరేం తింటున్నారో కూడా కనిపెట్టుకుని ఉండేది. ఎవరి టీలో చక్కెర ఎంత పడుతుందో ఆమెకు తెలిసినంతగా వాళ్ళకే తెలియదు.

ఆమె కష్టమూ చిన్నది కాదు. కూతురు మెర్లిన్‌ది నర్సింగులో ఆఖరి ఏడాది. ఫీజు కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. నెలాఖరుకు సంఘానికి కొత్త లోను వస్తే అందులోంచి కట్టాలి. అందాకా ఎవరూ జారకూడదు.

కామాక్షమ్మ వచ్చి ఎనిమిది నెలలయింది. యాభై దాటిన మనిషి. ఒంటరిగా గది తీసుకుని రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి పోతుంది. ఫైనాన్సు కంపెనీ తరఫున కంతులు వసూలు చేసే సంజీవరావే ఆమెను తెచ్చి, అబిగయీలు పోయిన ఖాళీలో కూర్చోబెట్టాడు.

అబిగయీలు మాట ఇప్పుడు ఎవరూ ఎత్తరు. మొగుడు వదిలేసి పోయాక ఆ పిల్ల మూడు కంతులు తప్పింది. సంఘం పద్ధతి ప్రకారం తొమ్మిది మందీ పోయి ఆమె గడపలో కూర్చున్నారు. కట్టేదాకా లేవకూడదు, అదీ పద్ధతి. ఎస్తేరమ్మ పొయ్యి వెలిగించనివ్వలేదు. పక్కింటివాళ్ళు తెచ్చిన అన్నం గిన్నెను కూడా వెనక్కి పంపేసింది. మర్నాడు అబిగయీలు కాలువలో తేలింది. మతం మారి పెళ్ళి చేసుకున్న పిల్ల కావడంతో సమాధికి పుట్టింటి నుంచి ఒక్కరూ రాలేదు.

ఆ బాకీ ఇన్సూరెన్సులో పోయిందని సంజీవరావు చెబితే, అందరూ దేవుడికి స్తోత్రం చెప్పుకుని ఇళ్ళకు పోయారు.

ఇప్పుడు ఎస్తేరమ్మ రోడ్డు దాటి కామాక్షమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"అప్పు పెట్టుకోని తీపి ఎట్టా దిగతాదమ్మా నీకు గొంతులో?"

కామాక్షమ్మ నోట్లోది మింగి నెమ్మదిగా చెప్పింది.

"వారానికి ఒకటేనమ్మా. అది కూడా కంతు కట్టినాకనే. ఏమీ లేకండా రెండేళ్ళు ఈడ్చాలంటే మధ్యలో పడిపోతా. నేను పడిపోకూడదు."

ఎదురు చెబితే ఎస్తేరమ్మ ఓర్చుకోలేదు. ఆమె చేతిలోని సగం కాజా లాక్కుని కుక్కకు వేసింది. కొట్టు దగ్గరి జనం నవ్వారు. కామాక్షమ్మ కొంగుతో వేళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఎస్తేరమ్మ అక్కడితో ఊరుకోలేదు. తరువాతి శనివారం మీటింగులో ఒక కాగితం బయటికి తీసింది. కామాక్షమ్మ మీద నమ్మకం లేదని, ఆమెకు హామీ ఉండలేమని రాయించి పెట్టుకుంది. ఇవాళ కాజా తిన్నది రేపు కంతు తినదా అని ఆమె వాదన. ముప్ఫై అయిదు వారాల్లో కామాక్షమ్మ ఒక్క రూపాయి తగ్గించలేదని రెబెక్కమ్మ గొణిగింది. ఎస్తేరమ్మ చూసిన చూపుకు ఆమె కూడా సంతకం పెట్టేసింది.

సంజీవరావు ముఖం పాలిపోయింది. ఆలోచించుకోమని రెండుసార్లు బతిమాలాడు. ఇంకేదో చెప్పబోయి కామాక్షమ్మ వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

తరువాత లేచి, తనకంటే చిన్నదైన ఎస్తేరమ్మకు చేతులు జోడించింది.

"ఇంకా అరవై వారాలుండాయమ్మా. తీపి మానేస్తా. నన్ను కట్టనీండి."

అప్పు కట్టనివ్వమని బతిమాలే మనిషిని వాళ్ళలో ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఎస్తేరమ్మకు అది నాటకంలాగే కనిపించింది. చాప మీదున్న ఆమె సంచి తీసి గడప అవతల పెట్టింది. కామాక్షమ్మ ఆ సాయంత్రమే గది ఖాళీ చేసి బస్సెక్కింది. ఆమె అప్పు ఇక తమ మీద పడదని, పీడ విరగడైందని సంఘమంతా సంతోషించింది.

మరుసటి శనివారం ఎస్తేరమ్మ మెర్లిన్ ఫీజు కాగితాలు పట్టుకుని అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. కట్టే మనిషి ఒకరు తగ్గారు గనక కొత్త లోను ఆగిపోయిందని సంజీవరావు చెప్పాడు. మిగిలిన అరవై వారాల బాకీ ఇకనుంచి తొమ్మిది మందీ పంచుకుని కట్టాలన్నాడు.

పారిపోయినదాని అప్పు మేమెందుకు కట్టాలని ఎస్తేరమ్మ అతని మీదికి లేచింది.

"ఆమె మా కాడ రూపాయి తీసుకోలేదక్కా. ఆమె పేరున అప్పే లేదు. ఇది అబిగయీలు బాకీ."

అది ఇన్సూరెన్సులో పోయిందన్నావు కదా అని అడిగేటప్పటికి ఎస్తేరమ్మ గొంతు సగానికి దిగింది.

"అట్టా చనిపోయినోళ్ళకి ఇన్సూరెన్సు రాలేదు. బాకీ మీ మీద పడతాదంటే ఆమె ఊరినించి వచ్చి, నేను కడతానని ఒప్పుకునింది. తనెవురో తెలిస్తే మీరు తలెత్తుకోని తన పక్కన కూర్చోలేరంట. అందుకే చెప్పొద్దని నా కాడ ఒట్టేయించుకునింది."

ఎస్తేరమ్మకు భయం వేసింది. అడగకుండా ఉంటే బాగుండునని తెలుస్తూనే, ఇంతకీ ఆమె ఎవరని అడిగింది.

సంజీవరావు పుస్తకం మూసి, "అబిగయీలును కన్న తల్లి," అన్నాడు.