నాలుగో నిమిషం

"నాలుగో నిమిషం దాటంగానే ఆపేస్తాండారే!" పులివెందుల బస్సులో ఫర్హత్ తన ఫోన్‌ను మహేశ్వరి ముఖం ముందు పెట్టింది. "అందరూ ఆడనే. ఒక్కరు గూడా ఐదో నిమిషానికి రాల్యా."

"వింటాండారు గదా, సంతోషపడు" అంది స్నేహితురాలు.

సంతోషపడే తీరిక ఫర్హత్‌కు ఎక్కడిది? ప్రొద్దుటూరులో బడి ఉద్యోగం మానేసి, అన్న అక్రమ్ కువైట్ నుంచి పంపిన మైకుతో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టి ఏడాదైంది. పల్లెలు తిరిగి పనివాళ్ళ మాటలు రికార్డు చేస్తుంది. ఏదో ఒక భాగాన్నయినా యాభై మంది వినకపోతే మళ్ళీ బడికి పోతానని అమ్మకు మాటిచ్చింది. గడువు రేపటితో సరి.

ఇరవై రెండు భాగాల్లో ఇరవై ఒకటి ముప్పై దాటలేదు. గొర్రెల కాపరి వెంకటప్పతో చేసిన ఏడో భాగం మాత్రం నెల నుంచి ఆగకుండా పెరుగుతోంది. ఇప్పుడు నలభై తొమ్మిది. ఆయనతో రెండో భాగం చేస్తే ఆ వినేవాళ్ళంతా తనకే మిగులుతారని ఆశ. ఆయనేమో ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ ప్రయాణం.

"అన్నీ పులివెందుల వైపు నుంచే. అదీ పొద్దుగూకేటప్పుడే. ఎవురంటావే?"

"చీనీ పండ్ల తోటల్లో కూలోళ్ళు. పని ముగించుకోని వస్తా వింటాంటారు."

"మరి ఆ తర్వాత వచ్చే కరువు కథ యాల వినరు? తాత ఏడిపించేది ఆడనే గదా! మొదట్లో ఏముంది? నా పరిచయం, ఆయప్ప అరుపులు."

"నీ పరిచయమే శానా నచ్చిందేమో."

"చాల్లే!" అని కసురుకుంది గానీ, ఫర్హత్ లోలోపల పొంగిపోయింది. సింహాద్రిపురం దాకా ఆ మాటే నెమరేసుకుంది.

పల్లెలో వెంకటప్ప మంచం మీద కూర్చుని ఉన్నాడు. మెడకు కట్టు. వాళ్ళను చూసి నవ్వాడు, మాట మాత్రం రాలేదు.

"గొంతులో గడ్డ తీసినారు పాపా. నెల దాటె. ఇంగ మాట రాదంట" అంది ఆయన భార్య పెద్దసుబ్బమ్మ.

ఫర్హత్ మైకును సంచిలోంచి తీయనేలేదు. ముసలాయన కోసం ఎంత బాధపడిందో, తన కోసమూ అంతే బాధపడింది. అందుకు సిగ్గు కూడా వేసింది.

"ఎట్ల జరుగుతాంది అవ్వా?"

"నీ పుణ్యాన జరుగుతాంది."

ఆ మాటకు అర్థమేమిటో అడిగేలోగా పొద్దు వాలింది. పెద్దసుబ్బమ్మ ఫోన్ తీసుకుని వాకిట్లోకి వెళ్ళి, గుట్ట వైపు తిరిగి నొక్కింది. "నమస్తే, నేను ఫర్హత్..." అంటూ తన గొంతే వినిపించేసరికి ఫర్హత్ ఉలిక్కిపడింది.

"యాభై!" ఫర్హత్ ఫోన్‌లోకి చూస్తూ మహేశ్వరి కేక పెట్టింది.

"అవ్వా, నువ్వు గూడా వింటాండావా?"

"నాకెందుకు పాపా? నలభై ఏండ్లుగా విన్న గొంతే గదా!"

"మరి ఎవురు వింటాండారు?"

పెద్దసుబ్బమ్మ ఫోన్‌ను మరికాస్త పైకెత్తింది. అందులోంచి వెంకటప్ప అరుపు గుట్టను తాకింది.

గుట్ట మీద మేత మేస్తున్న గొర్రెలన్నీ తలలెత్తి, ఇంటి వైపు పరుగందుకున్నాయి.