తడిసిన కంది

“ఎవర్ని అడిగి నా కంది మళ్లకు ట్యాంకరు నీళ్లు పెట్టించినారు సార్?”

మార్కాపురం మునిసిపల్ ఆఫీసులో ప్లానింగ్ ఆఫీసరు కొండయ్య బల్ల మీద బురద అంటిన కంది మొక్కను విసిరేసింది రిజ్వానా.

“ఎండిపోతాంటే పోయించినా. తప్పేంది తల్లీ?”

“ఎండబెట్టిందే నేను! నీళ్లు లేకుండా ఏ రకం బతుకుతాదో చూసే పరిశోధన అది. మూడు నెలల కష్టాన్ని ఒక్క పూటలో ముంచినారు.”

కొండయ్య ముఖం పాలిపోయింది. “నాకేం తెల్సు? మా నాయన చేన్లో కంది ఇట్లనే మాడిపోయింది. చూస్తా చూస్తా రాలేకపోయినా.”

రిజ్వానా కోపం దిగలేదు. బల్ల మీదున్న తన దరఖాస్తును లాక్కుంది. ఇళ్ల జోన్‌లో పరిశోధన పైరుకు అనుమతి రావాలంటే ఆ నేల ముందునుంచీ సాగులో ఉండాలి. నీళ్లు పోయించిన రోజే కొండయ్య దాని మీద రాశాడు: ‘స్థలం చూశాను. బీడు. అనుమతి ఇవ్వలేము.’

“బీడుకు ఎవరన్నా నీళ్లు పోస్తారా సార్?” దరఖాస్తును మళ్లీ కొండయ్య ముందుకు తోసింది.

కొండయ్య బల్ల మీది మొక్కను తీసి పక్కన పెట్టి, వేళ్లకంటిన బురదను చూశాడు. పెన్ను తీసి ‘బీడు’ అన్న మాట కొట్టేసి, ‘కంది సాగులో ఉంది’ అని రాశాడు.

“ఇంకో ముక్క రాయండి,” అంది రిజ్వానా. “ఎవ్వరూ జాలిపడి నీళ్లు పోయగూడదని.”