పాజిటివ్ ఉన్నన్నాళ్లు

“మళ్లీ కరోనా పాజిటివేనా? ఇంకెన్నాళ్లు మంచమెక్కి కులుకుతావే?” భార్య ఉన్న గది తలుపును భర్త బెల్టుతో బాదాడు. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు.

ల్యాబులో పనిచేసే తమ్ముడు వదినను వెనకేసుకొచ్చాడు.

“వదినకు ఎప్పుడో తగ్గిపోయిందన్నా. పీసీఆర్ పరీక్షకు చచ్చిన వైరస్ ముక్కలు కూడా దొరుకుతాయి. వారాల తరబడి పాజిటివే చూపిస్తుంది. ఇప్పుడు ఎవరికీ అంటుకోదు.”

“అంటుకోదా? నిజంగా?”

“నీ మీదొట్టు.”

అన్న మాస్కు పీకి పారేశాడు. ఒక్క తన్నుకు గడియ ఊడింది. బెల్టు దెబ్బకు ఆమె గోడకు కొట్టుకుంది. తమ్ముడు చెయ్యి పట్టుకునేలోపే రెండోది పడింది.

నెత్తురు తుడుచుకుంటూ ఆమె మరిదినే చూసింది.

“ఎంత పని చేశావు మరిదీ! మీ అన్న భయపడేది ఆ జబ్బొక్కదానికే కదయ్యా.”